చివరి చరణం దాకా విందాం: సంగీతాభిమానులకు ఒక విజ్ఞప్తి

మన వాగ్గేయకారులు సంతకాన్ని పాటలోనే పెట్టారు. క్షేత్రయ్య ముద్ర మువ్వగోపాల, కార్వేటినగరం సారంగపాణి ముద్ర వేణుగోపాల. త్యాగరాజ కృతుల్లో చాలావాటికి ఒకటే చరణం, పేరు అందులోనే ఉంటుంది. అది పాడకుండా కృతి ముగియదు. నాలుగైదు చరణాల పదాలు, కీర్తనలు రాసినవారికి ఆ రక్షణ లేదు, ఎందుకంటే వాళ్ల ముద్ర తరచూ చివరి చరణంలో ఉంటుంది. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు మూడు మూడున్నర నిమిషాలే పలికేది. పల్లవి, అనుపల్లవి, ఒక చరణం అయ్యేసరికి ముల్లు లేబుల్ దగ్గరికి వచ్చేసేది. ఆ తొలి రోజుల్లో గౌహర్ జాన్ లాంటి గాయనులు పాట చివర తమ పేరు తామే చెప్పి ముగించేవారు. పాట కట్టినవారి తరఫున ఆ మాట చెప్పాల్సిన చరణం మాత్రం రికార్డుకు ఎక్కకుండానే పోయింది. మన వాగ్గేయకారులు కొందరు మరుగున పడటంలో రుచి కంటే ఇలాంటి చిన్న కారణాల పాత్రే ఎక్కువ. అందుకే ఈ విజ్ఞప్తి: మీ ఇళ్లలో ఉన్న పాత రికార్డులు, స్పూల్ టేపులు, క్యాసెట్లు బయటికి తీయండి. నలుగురూ కూర్చుని వినండి, విన్నదాని గురించి మాట్లాడుకోండి.

మంచి పాటైతే ఇన్నాళ్లూ నిలబడేది కదా, మరుగున పడిందంటే అందులో అంత సత్తువ లేదనేగా అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు అన్నమయ్యే. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాల పాటు తిరుమల ఆలయంలో ఒక అరలో ఉండిపోయాయి. దొరికిన సంకీర్తనలు దాదాపు 14 వేలు. వాటిని పండితులు చదివి పరిష్కరించి అచ్చు వేయించాక కూడా జనం నోటికి ఎక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు స్వరపరిచాక, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి పాడాక, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల ఇంటింటా మోగాక గానీ అన్నమయ్య మనవాడు కాలేదు. అంతకు వందేళ్ల ముందు ఈ వాదమే నమ్మి ఉంటే ఆయనకూ సత్తువ లేదనే తీర్పు చెప్పేవాళ్లం. పుస్తకం సాహిత్యాన్ని దాచిపెడుతుంది, దాన్ని బతికించేది చెవి.

స్వరలిపి ఉండగా రికార్డింగు అవసరమేమిటన్నది రెండో ప్రశ్న. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని గమకాలకు కూడా గుర్తులు ఇచ్చింది. ఒక గుర్తు అక్కడ కంపితమనే గమకం ఉందని చెప్పగలదు. ఆ కంపితం ఎంతసేపు, ఎంత బరువుతో పలకాలన్నది విన్నవారికే తెలుస్తుంది. క్షేత్రయ్య పదాలు ఇందుకు మంచి ఉదాహరణ. కృష్ణా జిల్లా మొవ్వ పేరుతో ముడిపడిన ఆ పదాలను తమిళనాట వీణ ధనమ్మాళ్ కుటుంబం కంటికి రెప్పలా కాపాడింది. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పాడిన పదం వింటే లయ ఎంత నిదానమో, ఒక్క మాట మీద రాగం ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. కొన్ని పదాలను అనుపల్లవితో ఎత్తుకుని తర్వాత పల్లవికి వస్తారు. నాయిక మాట మధ్యలో అందుకున్నట్టుండే ఆ ఎత్తుగడను సంప్రదాయం తెలిసిన గొంతు వినిపిస్తేనే మనసుకు ఎక్కుతుంది.

మరో అభ్యంతరం నిజంగా బరువైనది. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి అధ్యాత్మ రామాయణ కీర్తనల వంటివి ఆకాశవాణిలో వినిపించినప్పుడు ఆ బాణీ కవిదా, స్వరపరిచిన విద్వాంసుడిదా అని అడిగితే చాలాసార్లు తేల్చి చెప్పలేం. అన్నమయ్య విషయమూ అంతే: రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. రికార్డింగును వేదవాక్కుగా పట్టుకోవద్దు, సాక్ష్యంగా పరీక్షించమని నా మనవి. ఒకే కీర్తన రెండు గొంతుల్లో దొరికితే రాగం మారిందా, ఏ చరణం వదిలేశారు, ఏ మాట పాఠాంతరమైంది అని అచ్చు పుస్తకం ఎదురుగా పెట్టుకుని పోల్చవచ్చు. ఇంట్లో పెద్దావిడ పాడే వరుస ఆ రెండింటికీ భిన్నంగా ఉంటే అది మూడో సాక్ష్యం. పోల్చి చర్చించకపోతే గట్టిగా వినిపించిన బాణీయే అసలుదని స్థిరపడిపోతుంది.

అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా అనేవారు అక్కడి శీర్షికలను ఒకసారి గమనించాలి. పాడినవారి పేరు ఉంటుంది, రాగం ఉండవచ్చు, వాగ్గేయకారుడి పేరు చాలాసార్లు ఉండదు. పేరు తెలియనివాడిని వెతకడం ఎలా? పైగా టేపు ఖరీదైన రోజుల్లో పాతది చెరిపి కొత్తది నింపడం ప్రసార సంస్థల్లో మామూలే. తెల్లవారుజామున రేడియో పక్కన క్యాసెట్ రికార్డర్ పెట్టి భక్తిరంజని పట్టుకున్న ఇంట్లోనే ఆ పాటకు మిగిలిన ఒకే ప్రతి ఉండవచ్చు. అదీ ఎంతోకాలం ఆగదు. అసిటేట్ టేపు పాడైతే వెనిగర్ వాసన వేస్తుంది, చెమ్మకు క్యాసెట్లో బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ఉత్సాహం కొద్దీ ప్లేయర్లో పెట్టకండి, తెలిసినవారి చేత శుభ్రం చేయించి డిజిటల్ ప్రతి తీయించండి. హక్కుల సంగతీ మరవద్దు. మన చట్టంలో ప్రచురితమైన సౌండ్ రికార్డింగుకు మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. అది దాటనివాటిని అనుమతి లేకుండా పంచవద్దు. మన దగ్గర ఏముందో జాబితా రాసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెద్ద సంస్థ కోసం ఎదురుచూడకుండా ఈ పని మొదలుపెట్టవచ్చు. ప్రతి క్యాసెట్ మీదా పాట ఎత్తుగడ, పాడినవారు, రాగం, ఎప్పుడు ఎక్కడ పట్టినదో రాయండి. గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే రాయండి. ఊళ్లో సంగీత సభ, శాఖా గ్రంథాలయం, విదేశాల్లో తెలుగు సంఘం నెలకొక గంట కేటాయించి ఒక్క వాగ్గేయకారుడిని ఎంచుకోవచ్చు. సారంగపాణి కావచ్చు, తూము నరసింహదాసు కావచ్చు. ఒకే పాటను రెండుసార్లు వినండి: మొదటిసారి ఊరికే, రెండోసారి సాహిత్యం చేతిలో పెట్టుకుని. రికార్డు మధ్యలోనే ఆగిపోతే, మిగిలిన చరణాలను అక్కడున్నవారే పాడండి. పాడలేకపోతే చదవండి. ముద్ర వచ్చేదాకా ఆపకండి. ఆ పేరు చెవిన పడ్డాక ఇంకో పాట ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ వాగ్గేయకారుడి కోసం వెతుకులాట ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.