సైకిలు మీద లడఖ్ వెళ్తున్నారా?

“డాక్టరు గారూ, మావాడు మనాలీ నుంచి లేహ్ దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్తాడట. నా మాట వినడు. మీరైనా చెప్పండి” అంటూ ఈ మధ్య ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రవాడికి 24 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున 40 కిలోమీటర్లు తొక్కుతాడు. గుండె, ఊపిరితిత్తులు, రక్తపోటు అన్నీ భేషుగ్గా ఉన్నాయి. “నాకేం జబ్బు లేదండీ, అమ్మకే భయం” అన్నాడు నవ్వుతూ.

నేను వద్దంటానని ఆ తల్లి ఆశ. నేను వెళ్లమనే చెప్పాను. కాని “నీకు జబ్బు లేదన్న ధైర్యమే అక్కడ నీకు శత్రువు కావచ్చు బాబూ” అని కూడా చెప్పాను. మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రవాడో, అమ్మాయో ఉంటే, వాళ్లకు చెప్పిన సంగతులే మీకూ చెబుతాను.

అక్కడ ఊపిరి ఎందుకు చాలదు?

కొండ మీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. ఇక్కడా అక్కడా నూటికి 21 పాళ్లే. తగ్గేది గాలి ఒత్తిడి. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. లేహ్ పట్టణం 11,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ మీరు పీల్చే ఒక్కొక్క ఊపిరిలో అందే ప్రాణవాయువు, సముద్రతీరంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. దారిలో తంగ్లాంగ్ లా అనే కనుమ ఉంది. ‘లా’ అంటేనే అక్కడి భాషలో కనుమ. దాని ఎత్తు దాదాపు 17,500 అడుగులు. అక్కడ సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఈ లోటును శరీరం సర్దుకోగలదు. ఊపిరి వేగం పెంచుతుంది. దానివల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు సరిచేస్తాయి. కాని ఇదంతా ఒక్క పూటలో అయ్యేది కాదు, రోజులు పడుతుంది.

బలం వేరు, అలవాటు వేరు

1969లో మన సైనిక వైద్యులు ఒక పెద్ద అధ్యయనం ప్రకటించారు. 11,000 నుంచి 18,000 అడుగుల ఎత్తున 1,925 మంది సైనికుల్లో పర్వత వ్యాధిని వాళ్లు పరిశీలించారు. సైనికులంటే కసరత్తు చేసి రాటుదేలినవాళ్లు కదా! అయినా ఆ జబ్బు వాళ్లను వదల్లేదు. కండబలం మిమ్మల్ని కనుమ ఎక్కిస్తుందే గాని, ఈ జబ్బునుంచి కాపాడదు. పైగా బలమున్నవాడు తొందరగా ఎక్కేస్తాడు కాబట్టి తొందరగా చిక్కుల్లో పడతాడు.

“పాడేరు ఘాటు, లంబసింగి దారి చాలాసార్లు తొక్కాను” అంటారు కొందరు. మంచిదే. కాళ్లకూ గుండెకూ అది చక్కని సాధన. కాని మన తూర్పు కనుమల్లో ఆంధ్ర ప్రాంతపు అతి ఎత్తయిన శిఖరం కూడా సుమారు 5,500 అడుగులే. పర్వత వ్యాధి మామూలుగా మొదలయ్యేది 8,000 అడుగులు దాటాక. అంటే ఆ ఎత్తుకు అలవాటు పడటం మన ఊళ్లో ఉండి సాధించగలిగింది కాదు.

గుర్తుపట్టడం ఎలా?

మొదటి గుర్తు తలనొప్పి. దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నిస్సత్తువ, తల తిరగడం ఉంటాయి. ఎత్తు మీద తలనొప్పి వస్తే, వేరే కారణం తేలేదాకా అది పర్వత వ్యాధేనని అనుకోండి. ఎండ అని, పడని తిండి అని సరిపెట్టుకోకండి.

ప్రమాద సూచనలు వేరే ఉన్నాయి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, పొడిదగ్గు, తర్వాత నురగతోనో ఎర్రగానో కళ్లె పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. అడుగులు తడబడినా, మాట పొంతన తప్పినా, మత్తుగా ఉన్నా మెదడు వాస్తోందన్నమాట. గీత గీసినట్టు మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడిపించి చూడండి. తూలితే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే దింపాలి.

సర్చూ దగ్గర జరిగింది

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల కథ ఇది. ఎక్కడా విశ్రాంతి తీసుకోకుండా తొక్కుకుంటూ సర్చూ చేరారు. ఆ చోటు సుమారు 14,000 అడుగులు. అన్నకు సాయంత్రమే తలనొప్పి, రాత్రి వాంతి. “పడుకుంటే తగ్గిపోతుందిలేరా” అన్నాడు. తెల్లవారి బూటు తాడు కట్టుకోలేకపోయాడు. తాగినవాడిలా తూలాడు.

తమ్ముడు అన్న మాట లెక్కచేయకుండా, సైకిళ్లు అక్కడే వదిలేసి, ఒక లారీని బతిమాలి కేలాంగ్ చేర్చాడు. ప్రాణం దక్కింది. “కాళ్లలో సత్తువ ఉందండీ, అదే నన్ను మోసం చేసింది” అన్నాడు ఆ అన్న.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. సర్చూకు అటు లాచుంగ్ లా, ఇటు 16,000 అడుగుల బారాలాచా లా. దిగాలంటే ముందు మరింత ఎక్కాలి! కాబట్టి తేల్చుకోవాల్సింది సర్చూలో కాదు, అంతకుముందు 10,500 అడుగుల ఎత్తున ఉన్న జిస్పాలో. అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగండి. తలనొప్పి ఉంటే తగ్గేదాకా కదలకండి.

పాటించవలసినవి

10,000 అడుగులు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటికంటే 1,600 అడుగులకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. దారి ఒప్పుకోక ఎక్కువ ఎక్కవలసివస్తే, దానికి ముందు అదనంగా ఒక రోజు ఆగండి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా, రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం మేలు.

విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవాళ్లు కనీసం రెండు రోజులు సైకిలు ముట్టకూడదు. ఆ తర్వాతే ఖర్దుంగ్ లా ఆలోచన. ఆ కనుమ మీది బోర్డు ఒకప్పుడు 18,380 అడుగులని చెప్పేది గాని, అసలు ఎత్తు సుమారు 17,600. అదేమీ తక్కువ కాదు!

పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంతోనే తొక్కండి. మాట ఆగిపోతే దిగి నడవండి. కనుమ దిగేముందు చెమటకు తడిసిన బనీను మార్చుకోండి. చలిగాలికి వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టు దొరకదు. నల్లకళ్లద్దాలు మరిచిపోకండి.

మందుల సంగతి

డయామాక్స్ మాత్రలు అలవాటు పడటాన్ని త్వరపెడతాయి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. మోతాదు మీ డాక్టరునే అడగండి. మాత్ర వేసుకున్నాం కదా అని పరుగులు తీయడానికి వీల్లేదు. నిద్రమాత్రలు, మద్యం జోలికి పోకండి. కర్పూరం వాసన చూస్తే హాయిగా అనిపించవచ్చు గాని, రక్తంలో ప్రాణవాయువు పెరగదు. దాహం తీరా నీళ్లు తాగండి. బిందెలకొద్దీ తాగినంత మాత్రాన జబ్బు రాకుండా పోదు. చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపటి ఊరటే. అసలు మందు కిందికి దిగడం. 1,000 నుంచి 3,000 అడుగులు దిగితే చాలామంది తేరుకుంటారు.

గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు సలహా లేనిదే ఈ ప్రయాణం తలపెట్టకూడదు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని ఆపకండి. కాని ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాయించుకోండి. అందులో విశ్రాంతి రోజులున్నాయో లేదో చూడండి. చేతి ఖర్చుకు మరో నాలుగు రోజులకు సరిపడా డబ్బు ఇవ్వండి. సెలవు అయిపోతోందనీ, డబ్బు చాలదనీ తొందరపడి ముప్పు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. ఒంటరిగా పంపకండి. “పద, దిగుదాం” అని పట్టుబట్టగల తోడు ఒకరుండాలి.

ఆ తల్లి కొడుకు పదకొండు రోజులనుకున్న ప్రయాణాన్ని పదిహేను రోజులకు మార్చుకున్నాడు. ఈ ఏడాది వీలుపడకపోతే వచ్చే ఏడాది వెళ్లవచ్చు. కనుమ ఎక్కడికీ పోదు.