ఒక్కరిని చూసి అందరినీ, అందరినీ చూపి ఒక్కరిని

ఎమ్మిగనూరు నుండి మంత్రాలయం వెళ్లే బస్సులో ఈ మధ్య ఒక సంభాషణ చెవిన పడింది. రాఘవేంద్రస్వామి దర్శనానికి బయలుదేరిన ఒక పెద్దమనిషి పక్కనున్న యువకునితో అంటున్నారు: "ముస్లిం పాలకులంటే గుళ్లు కూల్చినవాళ్లే నాయనా. ఆ రక్తమే కదా వీళ్లదీ!" యువకుడు తల ఊపాడు. నేను వినయంగానే అడిగాను: "పెద్దాయనా, మనం పోతున్న ఊరు స్వామివారికి ఎవరిచ్చారు?" ఆయన క్షణం ఆలోచించి, "ఆ నవాబు సంగతి వేరులే" అన్నారు.

ఆ "వేరులే" అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించవలసి ఉన్నది.

మంత్రాలయం అసలు పేరు మంచాల. తుంగభద్రా తీరంలోని ఆ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చినవాడు బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ అని మఠ సంప్రదాయమే చెబుతున్నది. ఆదోనిలోని జామియా మసీదును కట్టించినదీ ఆయనే. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసినది ఆ మంచాలలోనే. ఆ స్వామి భక్తులకు గురువు మాత్రమే కాదు, వ్యాసతీర్థుల 'తర్కతాండవా'నికి వ్యాఖ్యానం రచించిన తార్కికుడు కూడా. అటువంటి తార్కికుని సన్నిధికి పోతూ తర్కానికి తిలోదకాలివ్వడం విచారకరం.

మనిషి తెలిసినదాని నుండి తెలియనిదానికి రెండు దారులలో పోతాడు. కొన్నింటిని చూసి అన్నింటి గురించి చెప్పడం ఆగమన పద్ధతి. అన్నింటికీ వర్తించే సూత్రం నుండి ఒక్కదాని గురించి చెప్పడం నిగమన పద్ధతి. మన మదరసాలలో మంతిఖ్ చదివినవారు వీటిని ఇస్తిఖ్రా, ఖియాస్ అన్న పేర్లతో ఎరుగుదురు. నిగమనంలో ఆధార వాక్యాలు సత్యమైతే, అల్లిక సరైనదైతే ముగింపు తప్పిపోదు. ఆగమనానికి ఆ భరోసా లేదు. ఎన్ని చూసినా అది సంభావ్యతనే ఇస్తుంది. రేపు కనబడే ఒక్క విరుద్ధ దృష్టాంతం దానిని కూల్చివేయగలదు.

అయితే ఆగమనం పనికిరానిదా? కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన తల్లులు చెబుతారు. అది చక్కని ఆగమనం. కానీ అది ఎందుకు చెల్లుతున్నది? మెతుకులన్నీ ఒకే కుండలో, ఒకే ఎసరులో, ఒకే మంట మీద ఉడికాయి కనుక. పొరుగింటి కుండలోని మెతుకు పట్టి మన అన్నం ఉడికిందని ఏ తల్లీ చెప్పదు. ఆదోనిలో దూదేకే కుటుంబం, హైదరాబాదు పాతబస్తీలో ఆటో నడిపే యువకుడు, మూడు శతాబ్దాల నాటి సేనాని — వీరంతా ఒకే కుండలో ఉడికారని ఎవరు నిర్ధారించారు?

ద్వేషం ఈ రెండు పద్ధతులనూ జతచేసి పని చేస్తుంది. ముందు బలహీనమైన ఆగమనంతో పైకి ఎక్కుతుంది: కొందరు చేశారు గనుక అందరూ అంతే. తరువాత కఠినమైన నిగమనంతో కిందికి దిగుతుంది: అందరూ అంతే, ఇతడు వారిలో ఒకడు, కాబట్టి ఇతడూ అంతే. ఈ రెండవ మెట్టు రూపంలో దోషరహితం. అందుకే అది వినేవారికి న్యాయంగా తోస్తుంది. దోషమంతా మొదటి మెట్టులో ఉన్నది, దానిని ఎవరూ పరీక్షించరు. అద్దె ఇల్లు వెదికే ముస్లింకు ఇది నిత్యానుభవం: పేరు అడిగేవరకు ఇల్లు ఖాళీగానే ఉంటుంది.

పోలీసు వ్యవస్థ చేతికి ఈ తర్కం చిక్కితే ఏమవుతుందో 2007 చూపింది. ఆ ఏడాది మే 18న, శుక్రవారం, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. మసీదులో ప్రార్థనకు వచ్చిన ముస్లింలే చనిపోయారు. అయినా అనుమానం పాతబస్తీ ముస్లిం యువకుల మీదికే పోయింది. ఎందరినో పట్టుకుపోయారు, చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి, చివరకు కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. ప్రభుత్వమే వారికి నష్టపరిహారం ప్రకటించవలసి వచ్చింది. దానినీ తరువాత హైకోర్టు కొట్టివేసింది. కేంద్ర దర్యాప్తు సంస్థలు వేరే నిందితులను చూపాయి. వారూ 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా విడుదలయ్యారు. "ఎవరు చేసి ఉంటారు" అన్న ఊహ "ఎవరు చేశారు" అన్న ప్రశ్నను మింగివేస్తే మిగిలేది ఇదే: అమాయకులకు మచ్చ, మృతుల కుటుంబాలకు శూన్యం.

ఇప్పుడు ఆ పెద్దమనిషి "వేరులే"కు వద్దాం. "అందరూ" అన్న వాక్యానికి ఒక్క విరుద్ధ దృష్టాంతం చాలు, అది కూలిపోవాలి. కానీ దురభిప్రాయం దృష్టాంతాన్నే గీత అవతలికి నెట్టి వాక్యాన్ని కాపాడుకుంటుంది. "నువ్వు అలాంటివాడివి కాదులే" అన్న మాట వినని ముస్లిం ఉద్యోగి, ముస్లిం విద్యార్థి ఎవరు? అది మెప్పులా వినిపిస్తుంది. నిజానికి అది మన ఒక్కరిని విడిచిపెట్టి మన అమ్మానాన్నలను దోషులుగా నిలబెట్టే తీర్పు. ఆ మెప్పును మనం మర్యాదగానే తిరస్కరించాలి.

అయితే తర్కం ఇరువైపులా పదునైన కత్తి. మసూద్ ఖాన్ ఒక్కడు "అందరూ కూల్చారు" అన్న వాక్యాన్ని కొట్టివేయగలడు. "అందరూ ఉదారులే" అన్న వాక్యాన్ని నిలబెట్టలేడు. మన వేదికల మీద ఆ పొరపాటు జరుగుతూనే ఉంటుంది. అలాగే ఒక మూక చేసిన దాడిని చూసి హిందువులందరినీ అనుమానించేవాడు బస్సులోని పెద్దమనిషికి తర్కంలో సహోదరుడే. సందేహాలకు దూరంగా ఉండమని, వార్త వస్తే నిర్ధారించుకోమని అల్ హుజురాత్ అధ్యాయం ఆదేశించినది ముందుగా మనలనే.

ఇదే మసూద్ ఖాన్‌ను చూపి "మీరు ఏలినవారు, మీకు రిజర్వేషన్లు దేనికి" అనేవారూ ఉన్నారు. నవాబు ఒక్కడు, ఆయన పేరున పన్నులు కట్టినవారు వేలమంది. సచార్ కమిటీ 2006లో చేసినది జాగ్రత్తగల ఆగమనం: చదువులో, కొలువులో, అప్పు దొరకడంలో ముస్లింలు ఎక్కడున్నారో లెక్కలతో పరిశీలించింది. దూదేకులవారు బీసీ-బి జాబితాలో ఉన్నా, 2007లో బీసీ-ఇ పేరున 14 ముస్లిం సమూహాలకు చోటిచ్చినా, ఆధారం వెనుకబాటే కావాలి. వంశావళి ఊహలకు అక్కడ చోటు లేదు.

మేము కోరేది దయ కాదు, ప్రత్యేకమైన తర్కమూ కాదు. ఇల్లు ఇచ్చేటప్పుడు, కొలువు ఇచ్చేటప్పుడు, నేరం మోపేటప్పుడు ఎదుట నిలబడిన మనిషి గురించిన సాక్ష్యాన్నే చూడండి. కోట్ల మందిని "వీళ్లు" అన్న ఒక్క మాటలో కట్టివేసేముందు, ఆ మెతుకు ఏ కుండలోనిదో ఒక్కసారి అడగండి.