సర్కారు బకాయి పడితే విద్యార్థి ఇంట్లో అప్పు

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన వారం పది రోజులు ఇళ్లలో మాటంతా బ్రాంచి గురించే. సీఎస్‌ఈ వస్తుందా, ఏఐ-ఎంఎల్‌తో సరిపెట్టుకోవాలా, హైదరాబాద్‌లోనే సీటు దొరుకుతుందా? నాలుగేళ్లకు మొత్తం ఎంతవుతుందన్న లెక్క మాత్రం సీటు అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చాకే మొదలవుతుంది. అప్పటికి ఆప్షన్లు ఫ్రీజ్ అయిపోయి ఉంటాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అన్న ధీమా దీనికి ఒక కారణం. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం వేలాది కుటుంబాల్లో తొలి ఇంజినీర్లను తయారుచేసింది. దాన్ని తక్కువ చేయలేం. కానీ పథకం పేరు పాతదే అయినా దాని లోపలి లెక్క మారిపోయింది. తెలంగాణలో ప్రత్యేక మినహాయింపులు పక్కన పెడితే, బీసీ, ఈబీసీ విద్యార్థికి 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. ర్యాంకు దాటితే ఏడాదికి 35 వేల రూపాయలే. ఈ 35 వేలు ఏళ్లుగా కదల్లేదు. ఫీజులు మాత్రం మూడేళ్లకోసారి కదులుతూనే ఉన్నాయి. 2022-25 బ్లాకులో సీబీఐటీ ఫీజు 1.65 లక్షలు. అంటే కన్వీనర్ కోటాలో సీటు వచ్చినా ఏటా 1.30 లక్షలు, నాలుగేళ్లకు 5.20 లక్షలు జేబులోంచి కట్టాలి. హాస్టల్, బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఇంకా వేరే.

అంతకంటే పెద్ద చిక్కు ప్రభుత్వం ఇస్తానన్న సొమ్ములోనే ఉంది. అది సమయానికి రాదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు ఈ బకాయిల కోసమే బంద్‌కు దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం తల్లుల ఖాతాల్లో వేసింది, ఇప్పటి ప్రభుత్వం నేరుగా కళాశాలలకే ఇస్తామంది. ఖాతా మారింది గానీ బకాయిల గొడవ తీరలేదు. ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించేది కళాశాల యాజమాన్యం ఒక్కటే కాదు. ‘ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం’ అన్న మాట చాలాచోట్ల వినిపించేదే. కట్టకపోతే చివరి ఏడాది సర్టిఫికెట్లు ఆగుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఉద్యోగంలో చేరే తేదీ నెత్తిమీద ఉన్న పిల్లాడు ఆ ఉత్తర్వు పట్టుకుని ఎక్కడికి వెళ్తాడు? తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఏడాదికి అది 24 శాతం. ప్రభుత్వం పడిన బాకీకి వడ్డీ లేదు, దాన్ని పూడ్చడానికి ఇంటివాళ్లు తెచ్చిన అప్పుకు ఉంది. బంగారం కుదువ, చిట్టీ పాట, చేబదులు... ఇవేవీ విద్యారుణాల గణాంకాల్లోకి ఎక్కవు.

బ్యాంకు రుణం దీనికంటే నయమే. అయితే దాని లెక్కా తెలిసి తీసుకోవాలి. ఏటా 2 లక్షల చొప్పున నాలుగేళ్లకు 8 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు కాలం, ఆపైన ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు. కానీ సాధారణ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అయిదేళ్లు తిరిగేసరికి అది 2.80 లక్షలు. అసలులో కలిపి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,270. క్యాంపస్‌లో పెద్ద ఐటీ కంపెనీలు మూకుమ్మడిగా ఇచ్చే ఉద్యోగాల జీతం ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తచ్చాడుతోంది. చేతికొచ్చేదాంట్లో సగం ఈఎంఐకే పోతే బెంగళూరులో గది అద్దె ఎవరు కట్టాలి? చదువు సాగుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోతే ఈఎంఐ 10,570కి తగ్గుతుంది. తొలి ఏడాది ఆ వడ్డీ నెలకు 1,700 లోపే, చివరి ఏడాదికి 6,700 దగ్గరకు వస్తుంది.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి హామీదారు, తనఖా లేకుండా రుణం ఇప్పిస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణంపై, వాయిదా మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం 4.5 లక్షల లోపుండి వృత్తి, సాంకేతిక కోర్సు చదివేవారికి పాత పథకం కింద ఆ కాలపు వడ్డీ మొత్తం కేంద్రమే భరిస్తుంది. వినడానికి బాగుంది. కానీ విద్యాలక్ష్మి మొదలైనప్పుడు దాని పరిధి 860 విద్యాసంస్థలే, అవీ ర్యాంకింగుల ఆధారంగా ఎంచినవి. ఏడాదికి రాయితీ దక్కేది లక్ష మందికి. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందుతుంటే ఆ 3 శాతం రాదు. జిల్లా కేంద్రం శివార్లలోని మామూలు కళాశాలలో చేరిన మామూలు ర్యాంకు విద్యార్థికి దీనితో ఒరిగేది తక్కువ. అప్పు ఎక్కువగా చేసేది ఆ కుటుంబాలే.

ఐఐటీల్లో ఏడాది ట్యూషన్ ఫీజు 2 లక్షలైనా ఎస్సీ, ఎస్టీలకు అది లేదు. ఆదాయం లక్ష లోపు ఉన్నవారికీ లేదు, 5 లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. ఎన్‌ఐటీల్లోనూ ఇదే పద్ధతి. అయినా 2024లో ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చిన ఉత్తరప్రదేశ్ దళిత విద్యార్థి 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు 142వ అధికరణం ప్రయోగిస్తే గానీ అది తిరిగి రాలేదు. మాఫీలన్నీ ఉన్నా గుమ్మం దగ్గర కట్టాల్సిన నగదు ఎంత పెద్ద అడ్డో ఈ కేసు చూపించింది.

తమిళనాడు 2021 నుంచి ప్రభుత్వ బడుల్లో చదివినవారికి వృత్తి విద్యా కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కేటాయించి, ట్యూషన్‌తో పాటు హాస్టల్ ఖర్చు కూడా తానే పెట్టుకుంటోంది. మన పథకం ట్యూషన్ దగ్గరే ఆగిపోయింది, హాస్టల్ ఖర్చుకు విడిగా ఇచ్చే స్కాలర్‌షిప్ నెల మెస్ బిల్లుకూ చాలదు.

తక్కువ ఖర్చు దారులు మన దగ్గరా లేకపోలేదు. పదో తరగతి మార్కులతో బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు, ఒక ఏడాది ఫీజు మిగులుతుంది, కార్పొరేట్ ఇంటర్ ఖర్చూ తప్పుతుంది. ఈ దారిని ‘చిన్న చదువు’గా చూసే అలవాటు మనవాళ్లలో ఇంకా పోలేదు, అది వేరే సంగతి. విశ్వవిద్యాలయ ప్రాంగణ కళాశాలల్లో రెగ్యులర్ కోర్సులకు ఫీజు తక్కువ. అదే ప్రాంగణంలో సెల్ఫ్ ఫైనాన్స్ పేరున్న సీటైతే లెక్క వేరు కనుక ఆప్షన్ పెట్టేటప్పుడే చూసుకోవాలి. అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుండాలి.

మేనేజ్‌మెంట్ కోటా సంగతి విడిగా చెప్పాలి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. అయినా కంప్యూటర్ సైన్స్ సీటుకు రసీదు లేని లక్షలు చేతులు మారడం రహస్యమేమీ కాదు. రసీదు లేని సొమ్ముకు బ్యాంకు రుణం ఇవ్వదు. ఆ డబ్బు పొలం అమ్మో, పొలం మీద అప్పు తెచ్చో రావాలి. బ్రాంచి కోసం అంత పెట్టే బదులు అదే ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఈసీఈయో, ఈఈఈయో తీసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి. వెబ్ ఆప్షన్ల ముందు రోజు అడిగితే ఇంకా మంచిది.