కాల్‌షీట్లు దొరకని హెడ్‌ఫోన్లు

సినిమా పత్రికలో హెడ్‌ఫోన్ల గొడవేమిటయ్యా అని విసుక్కుని పేజీ తిప్పేయకండి. కాస్త ఓపిక పడితే ఇందులో ఒక హాలీవుడ్ హీరోయిన్ ఉంది, ఒక పాతకాలం ప్రొజెక్టరు ఉంది, సాక్షాత్తూ ఘటోత్కచుడు ఉన్నాడు. పాటలు మాత్రం లేవు. ఉన్న పాటలు మేడ మీది గదికి పారిపోయాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

సంక్రాంతికి తిరుమలగిరి వెళ్లాను. ఏ తిరుమలగిరి అంటారు కాబోలు, ఆ పేరుతో మనకు ఊళ్లకు కొదవ లేదు మరి! ఇది సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో అర్వపల్లి దాటాక వస్తుంది. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. మా పెదనాయన ఉండేది అక్కడే.

పెదనాయన గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు సూర్యాపేటలో ఒక టాకీసులో ఆపరేటరు. కార్బన్ కడ్డీలు మండించి ఆ వెలుగుతో బొమ్మ వేసిన రోజులు. 2000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోయేది. తెర మీద కుడివైపు మూలన చుక్క కనబడగానే రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే నేల క్లాసు వాళ్లు ఆపరేటరు వంశాన్నంతా తలుచుకునేవారు. ఆ చిన్న గదిలో, ఆ మిషన్ల చప్పుడులో ఏళ్లకేళ్లు నిలబడినందుకో ఏమో, ఇప్పుడాయనకు వినికిడి బాగా తగ్గింది. చూపు మాత్రం చెక్కుచెదరలేదు. సినిమా పిచ్చి అంతకన్నా చెదరలేదు!

నిద్ర పట్టని మనిషి. మెమరీ కార్డు నిండా పాత సినిమాలు ఎక్కించుకుని రాత్రి పదకొండు తర్వాత మొదలుపెడతాడు. వాల్యూమ్ చివరంటా ఉంటేగాని ఆయనకు వినబడదు. పక్క గదిలో మనవరాలు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. మార్చిలో పరీక్షలు. ఒక రాత్రి ఆ పిల్ల ఉండబట్టలేక, "తాతా, నీ సినిమా బంద్ జేస్తవా, నా పుస్తకాలు కాలవెట్టాల్నా?" అని అరిచిందట.

పెదనాయన ఫోను ఆపేశాడు. కోపం తెచ్చుకుని తిరిగి అరిచి ఉంటే బాగుండేది, మర్నాటికి ఇద్దరూ మర్చిపోయేవాళ్లు. ఆయన అరవలేదు. ఆ రాత్రి నుంచి సినిమా పెట్టడమే మానేశాడు. చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకుంటున్నాడని మా పెద్దమ్మ చెప్పింది. పన్నెండు రోజులట!

పిల్ల ఏం చేసిందంటే, పండక్కి చుట్టాలిచ్చిన డబ్బులన్నీ పోగేసి 1200 పెట్టి తీగ లేని హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చింది, తాత కోసం. అవి పలకలేదు. రెండు రోజులు ఎన్ని తంటాలు పడ్డా పలకలేదు. "దుకాణపాయన నిన్ను మోసం జేసిండు బిడ్డా. వాపస్ ఇచ్చి పైసలు తెచ్చుకో. నాకెందుకు గిప్పుడు సినిమాలు" అన్నాడాయన. ఆ ఆఖరి మాటకు పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టింది సరిగ్గా ఆ సీనులోకి.

"పట్నంల ఉంటవ్ గదా, జర చూడరాదు" అని పెద్దమ్మ ఆ పెట్టె నా చేతిలో పెట్టింది.

చూశాను. మీట ఒకసారి నొక్కితే నీలం దీపం వెలిగింది. పెదనాయన ఫోనులో బ్లూటూత్ జాబితాలో వాటి పేరు కూడా ఉంది. తాకితే, ఒక్క క్షణం ఆలోచించి, కుదరదు పొమ్మంది.

ఇక్కడ మొదటి మాట. దీపం వెలిగిందంటే హెడ్‌ఫోన్లు నిద్ర లేచాయని మాత్రమే, కొత్త జంటకు సిద్ధమని కాదు. మీటను అయిదారు సెకన్లు వదలకుండా నొక్కి పట్టాలి. చాలా వాటిలో దీపం ఎరుపూ నీలం మార్చి మార్చి కొడుతుంది. కొన్నిటిలో ఒకే రంగు గబగబా కొడుతుంది. చెవిలో దూర్చుకునే చిన్న బుడిపెలైతే మీట వాటి డబ్బీ మీద ఉండొచ్చు. అది వాటితో పాటు ఇచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని మనం డబ్బాతో సహా పారేస్తాం, అది వేరే సంగతి.

"గట్ల గూడ పట్టుకున్న చిన్నాయినా" అంది పిల్ల. నిజమే, మూర్ఖురాలేం కాదు. సాయంత్రం దాకా నేనూ అదే చేసి అక్కడే ఆగిపోయాను.

రాత్రి ఎనిమిదికి పిల్ల అన్న పని నుంచి వచ్చి మేడ మీదికి వెళ్లి పడుకున్నాడు. పది నిమిషాల్లో, నా చేతిలో ఉన్న హెడ్‌ఫోన్లు సన్నగా పాడటం మొదలెట్టాయి! నిజం, చెయ్యి వదిలేయబోయాను. పైనుంచి "నా ఫోన్‌ల పాట ఇనవడ్తలేదేంది?" అని కేక.

అప్పుడు పిల్లను కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. మొదట తాత ఫోనుకే కలిపిందట. కలిసినట్టు రాసి వచ్చింది గాని చప్పుడు రాలేదు. కాగితంలో చూసి రెండు మీటలు కలిపి నొక్కి హెడ్‌ఫోన్లను రీసెట్ చేసింది. వస్తువే చెడిపోయిందేమోనని అన్న ఫోనుకు పెట్టి చూసింది, అక్కడ భేషుగ్గా పాడాయి. మళ్లీ తాత ఫోను దగ్గరికొస్తే మొండికేశాయి.

అసలు కథంతా ఇందులోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే హెడ్‌ఫోన్లు బిజీ హీరోయిన్ లాంటివి. ఆఖరున ఎవరికి కాల్‌షీట్లు ఇచ్చాయో, లేవగానే వాళ్ల సెట్‌కే పరిగెడతాయి. ఆ ఫోను మేడ మీదున్నా, గోడ అవతల ఉన్నా సరే. కొన్ని ఖరీదైనవి ఒకేసారి ఇద్దరు నిర్మాతలకు డేట్లు ఇస్తాయి గాని, ఇవి ఆ రకం కావు. అన్న ఫోనులో బ్లూటూత్ ఆపించాను. ఇప్పుడైనా తాత ఫోనుకు కలుస్తాయా? ఊహూఁ.

పెదనాయన మంచం మీదినుంచి అంతా చూస్తున్నాడు. "ఎందుకు కలుస్తలేదో చెప్పుర మరి" అన్నాడు. చెప్పాలంటే హెడీ లమార్ కథ చెప్పక తప్పలేదు.

హెడీ లమార్ 1914లో వియన్నాలో పుట్టి, హాలీవుడ్‌లో 1938 నాటి 'ఆల్జియర్స్'తో మెరిసిన తార. 1949లో వచ్చిన 'శాంసన్ అండ్ డెలైలా'లో డెలైలా ఆవిడే. ప్రపంచంలోకెల్లా అందగత్తె అని పత్రికలు రాసినంత కాలం, ఆమె తలలో ఏముందో ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా ఆమెకో ఆలోచన వచ్చింది. రేడియోతో టార్పెడోను నడిపిస్తే శత్రువు అదే తరంగం మీద గోల చేసి దారి తప్పిస్తాడు. అలాకాక, సందేశం ఒక తరంగం మీద నిలవకుండా గంతులేస్తూ పోతే? జార్జ్ ఆంథీల్ అనే సంగీతకారుడు తోడయ్యాడు. తనంతట తాను వాయించుకునే పియానోలు ఉండేవి చూశారూ, వాటిలో రంధ్రాలు పొడిచిన కాగితం చుట్ట తిరుగుతుంటుంది. ఏ రంధ్రం వస్తే ఆ స్వరం. అలాంటి చుట్టలు అచ్చంగా ఒకేలా రెండు చేసి, ఒకటి ఓడలో, ఒకటి టార్పెడోలో తిప్పాలన్నారు. పియానో మెట్లలాగే 88 తరంగాలు. 1942 ఆగస్టు 11న పేటెంటు వచ్చింది. యుద్ధంలో నౌకాదళం దాన్ని వాడలేదు. పేటెంటు మీద ఆమెకు పైసా రాలేదు. 1997లో గాని ఒక సంస్థ పిలిచి గౌరవించలేదు, 2000లో ఆమె కన్నుమూసింది. బ్లూటూత్‌ను ఆవిడే కనిపెట్టిందని చెప్పేవాళ్లున్నారు, అంత మాట నమ్మకండి. గంతుల ఆలోచన చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. కాని మన ఫోనూ హెడ్‌ఫోన్లూ చేసుకునేది మాత్రం అదే ఆట. 79 దారుల మీద, సెకనుకు 1600 గంతులు! ఇద్దరూ ఒకే లెక్కన దూకుతారు. అంతేకాదు, మొదటిసారి జంట కుదిరినప్పుడు ఇద్దరూ కలిసి ఒక రహస్యపు అంకె అనుకుని, చెరో చోట దాచుకుంటారు. తర్వాత ఎప్పుడు కలిసినా ముందు ఆ అంకె సరిచూసుకుంటారు.

"పిల్ల రీసెట్ నొక్కింది. హెడ్‌ఫోన్లు ఆ అంకె మర్చిపోయాయి. నీ ఫోను మర్చిపోలేదు" అన్నాను.

పెదనాయన లేచి కూర్చున్నాడు. "అంటే నా కాడ పాత రీలున్నది. దాని కాడ కొత్త రీలున్నది. అంతేనా?"

అంతే. నేను ఇన్ని వాక్యాల్లో చెప్పింది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు.

పాత రీలు తీసేయాలి. ఫోనులో ఆ పేరు పక్కన పళ్లచక్రం బొమ్మ ఉంటుంది, అది తాకితే 'ఫర్గెట్' అని వస్తుంది. కొన్నిటిలో 'అన్‌పెయిర్' అని ఉంటుంది. మర్చిపో అని మర్చిపోనిచ్చి, హెడ్‌ఫోన్ల మీట నొక్కిపట్టి, మళ్లీ కొత్తగా వెతికించాను. ఈసారి ఒక్క దెబ్బకు కలిశాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. పెదనాయన చెవులకు తగిలించి 'మాయాబజార్' పెట్టాం... సినిమా శబ్దం ఫోనులోంచే ఇల్లంతా మోగింది. హెడ్‌ఫోన్లలో నిశ్శబ్దం!

పిల్ల మొహం మళ్లీ వాడిపోయింది. మొట్టమొదట ఎదురైన తంటా కూడా ఇదేగా. మళ్లీ పళ్లచక్రం దగ్గరికే వెళ్లాను. అక్కడ 'కాల్స్' ఒకటి, 'మీడియా ఆడియో' ఒకటి, రెండు మీటలున్నాయి. రెండోది ఎవరి వేలు తగిలో ఆగిపోయి ఉంది. అంటే ఫోన్ కాల్ వస్తే మాట్లాడుకోవచ్చు, పాట వినడానికి లేదు. తిప్పాను. పెదనాయన ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు పట్టుకున్నాడు. వాల్యూమ్ అలాగే చివరంటా ఉంది పాపం!

ఎడమ చెవి మరీ మందం కాబట్టి, సెట్టింగుల్లో 'మోనో ఆడియో' కూడా పెట్టాను. రెండు వైపుల మాటలూ రెండు చెవుల్లోకీ వస్తాయి. ఇది వినికిడి మిషనుకు బదులు కాదు సుమా, డాక్టరుకు చూపించమని పెద్దమ్మకు విడిగా చెప్పాను.

ఆయన ఫోను నడుం దగ్గర పంచె మడతలో దోపుకుని వాకిట్లోకి వెళ్లాడు. "తునకలు తునకలు అయితున్నది" అని కేకేశాడు. మీకూ ప్యాంటు వెనక జేబులో ఫోను పెట్టుకున్నప్పుడు ఇలా జరిగే ఉంటుంది. ఈ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్‌వి. ఒంట్లోని నీళ్లు వీటిని మింగేస్తాయి. గోడలు సరేసరి. వైఫై డబ్బాలు చాలావరకు, వంటింటి మైక్రోవేవ్ కూడా ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. ఫోను ముందు జేబులోకి మారిస్తే సగం రోగం పోతుంది.

లోపలికొచ్చి మళ్లీ సినిమా ముందు కూర్చున్నాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. రెండు నిమిషాలకు ఫోను ఆపి నావైపు చూశాడు.

"నోరు ముందు వోతున్నది, మాట ఎనక వస్తున్నది."

నాకేం తేడా తెలియలేదు. పిల్లకూ తెలియలేదు.

"అయిదు ఫ్రేములు" అన్నాడు.

ఆపరేటరుకు తెలియదూ! పాత 35 మిల్లీమీటర్ల ప్రింటులో బొమ్మా దాని శబ్దమూ పక్కపక్కన ఉండవు. శబ్దం సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. ఫిల్ము ఎక్కించేటప్పుడు కింది మెలిక కాస్త చిన్నదైనా పెద్దదైనా పెదవులకూ మాటకూ పొత్తు తప్పుతుంది. జీవితమంతా ఆ మెలిక చూసుకున్న మనిషి ఆయన. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అయిదు ఫ్రేములంటే 208 మిల్లీసెకన్లు. ఫోను శబ్దాన్ని నొక్కి మూటగట్టి పంపడానికి, హెడ్‌ఫోన్లు ఆ మూట విప్పడానికి దాదాపు అంత పడుతుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. మీరు నెట్‌లో చూసే సినిమాలకు చాలా యాప్‌లు బొమ్మను ఆ మేరకు ఆపి సరిపెడతాయి. ఆటల్లో అది కుదరదు, అందుకే తుపాకీ పేలిన చప్పుడు మీరు చచ్చాక వినబడుతుంది. కొన్ని హెడ్‌ఫోన్లకు దానికోసం 'గేమ్ మోడ్' ఉంటుంది. పెదనాయన సినిమాలు కార్డులోవి. ఆయన వాడే ప్లేయరు కొంచెం పాతది, ఆలస్యం లెక్క దానికి తెలియదు. అందులో వెతగ్గా 'ఆడియో డిలే' అని దొరికింది. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు. నేను నొక్కబోతే ఫోను లాక్కున్నాడు.

తెర మీద ఎస్వీ రంగారావు. ఆ పెదవుల మీదే చూపు నిలిపి, తక్కువ వైపుకు ఒకటి, రెండు, మూడు, నాలుగు నొక్కి ఆగాడు. మైనస్ 200. లెక్క నేను చెప్పలేదు.

తర్వాత మాతో మాట్లాడలేదు. మేం ఉన్నామన్న సంగతే మర్చిపోయాడు. పిల్ల కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్లింది.

అర్ధరాత్రి దాటాక నాకు మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. పిల్ల గదిలో దీపం, పెదనాయన గదిలో తెర వెలుగు. అంతలో ఇల్లదిరేలా ఒక్క పకపక నవ్వు! చెవులు మూసుకున్నవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు గదా.

"తాతా!" అని పిల్ల కేకేసింది.

ఆయనకు వినబడలేదు. మళ్లీ నవ్వాడు. ఈసారి పక్క గదిలోంచి పిల్ల నవ్వు కూడా వినబడింది.