పడిపోయిన పనులు – చూపే అంకెలు

వేలాది కంప్యూటరు పనులను ఒక యంత్రసమూహంపై పంచి నడిపించే క్యూబర్నెటీస్ వ్యవస్థను 2014లో గూగుల్ సంస్థ వెల్లడించింది. అందులో ఏది నడుస్తున్నదీ, ఏది కూలినదీ క్యూబ్ స్టేట్ మెట్రిక్స్ అనే సాధనం అంకెలుగా వెలువరిస్తే, ప్రొమీథియస్ వాటిని నియమిత వ్యవధిలో సేకరించి భద్రపరుస్తుంది. మన విద్యార్థులలో పలువురు ఈ వృత్తిలో ప్రవేశిస్తున్నారు గనుక చెప్పక తప్పదు: ఆ అంకెలను చూచి నిశ్చింతపడటమూ, బెదరటమూ రెండూ తొందరపాటే.

ఒక జాబులోని పాడ్ విఫలమైతే దాని స్థానంలో కొత్త పాడ్ పుట్టే అమరిక ఉన్నదనుకొందాం. రెండుసార్లు పడి మూడవసారి గట్టెక్కిన జాబుకు సైతం 'క్యూబ్ జాబ్ స్టేటస్ ఫెయిల్డ్' 2 అనే చూపుతుంది. అది పడిన పాడ్‌ల లెక్కయే గాని జాబు ఫలితం కాదు. సప్లిమెంటరీలో ఉత్తీర్ణుడైన విద్యార్థిని తప్పినవారి జాబితాలో చదవటం న్యాయమా? తుది తీర్పు చెప్పేది 'క్యూబ్ జాబ్ ఫెయిల్డ్' అనే వేరొక మెట్రిక్. హెచ్చరికను దానికే ముడిపెట్టటం ఉచితం.

దీనికి విపర్యయం మరొకటి. నిరంతర సేవలందించే పాడ్‌లో కంటైనరు మాటిమాటికీ కూలుతూ ఉంటే వ్యవస్థ 10 సెకన్లు, 20 సెకన్లు, ఇలా సాధారణంగా 5 నిమిషాల దాకా ఎడం పెంచుతూ దానిని లేపుతూనే ఉంటుంది. ఇంత జరుగుతున్నా పాడ్ దశ మాత్రం 'రన్నింగ్'! 'ఫెయిల్డ్' గడిలో సున్నయే. కంటైనరు నిరీక్షణకు కారణమేమిటో, ఎన్నిసార్లు పునఃప్రారంభమైనదో చూడనివారికి ఈ రోగం కనబడదు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది మౌనం. ముగిసిన జాబును గడువు తీరగానే తొలగించే ఏర్పాటు ఉంటే, జాబుతోపాటు దాని అంకె కూడా అదృశ్యమౌతుంది. హాజరు పట్టీలో పేరే కొట్టివేసిన వానికి గైర్హాజరు ఎవరు వేస్తారు? మరోవైపు, నిత్యం నడిచే క్రాన్‌జాబులో నిన్న విఫలమైన జాబును వ్యవస్థ గుర్తుగా నిలిపి ఉంచటంచేత, ఈనాటి జాబు నెరవేరినా హెచ్చరిక మోగుతూనే ఉంటుంది. విసిగిన ఉద్యోగి దాని నోరు నొక్కుతాడు. అతనిని నేను తప్పుపట్టలేను.

ఉపకారవేతనాల పట్టికలను రాత్రివేళ బ్యాకప్ చేసే జాబు ఉన్నదనుకొందాం. 'ఎన్నిసార్లు పడినది' అనేకంటె 'చివరిసారి ఎప్పుడు నెరవేరినది' అని అడగటమే మేలని నా అభిప్రాయం. ఆ కాలాన్ని తెలిపే మెట్రిక్ కూడా ఉన్నది. అయితే ఖాళీ ఫైలు వ్రాసి సక్రమంగా ముగిసిన ప్రోగ్రామునూ వ్యవస్థ విజయంగానే గణిస్తుంది. దానిని పట్టుకొనటానికి అప్పుడప్పుడు బ్యాకప్ నుండి ఒక పట్టికను తిరిగి తీసి, వరుసలు లెక్కపెట్టి చూడవలసినదే.