వేగం కాదు, వేళ ముఖ్యం

పోయిన నెలలో ఒక శనివారం మా గరాజులో చిన్న సీఎన్‌సీ మిల్లు మీద అల్యూమినియం పలక చెక్కుతున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా లేత్ షాపు నడుపుతున్న మా బాబాయికి, షాపు పేరు తెలుగులో. మొదటి మూడక్షరాలు ముచ్చటగా వచ్చాయి. నాలుగో అక్షరం సగంలో మోటారు కీచుమంది. ఆ తరవాత పడ్డ గీతలన్నీ మిల్లీమీటరు పక్కకి జరిగాయి. చివరికి కటర్ వెళ్ళి పలకని బిగించిన క్లాంపుకి గుద్దుకుని పుటుక్కున విరిగింది.

ముందు మోటారుని తిట్టుకున్నాను, తరవాత వైర్లని. సాయంత్రం బాబాయికి ఫోన్ చేసి, సెల్లులో తీసిన వీడియో పంపించాను. ఆయన కంప్యూటరు జోలికి వెళ్ళే మనిషి కాదు. రెండుసార్లు విని, "బరువుకి ఆగిన చప్పుడు కాదురా ఇది. అడుగు తడబడింది. దానికి చెప్పేవాడెవడో సరిగ్గా చెప్పట్లేదు" అన్నాడు.

చెప్పేవాడంటే ఎనిమిది కోర్ల నా డెస్క్‌టాప్! ఇంట్లో ఉన్నవాటిలో ఖరీదైనది అదే. దానికి పారలల్ పోర్టు కార్డు బిగించి, లైనక్స్‌సీఎన్‌సీ ఎక్కించి, ఇక తిరుగులేదనుకున్నాను. నిజానికి ఆ వారంలోనే ఒకసారి తెరమీద "అనుకోని రియల్‌టైమ్ ఆలస్యం" అని మెసేజి వచ్చింది. ఆఫీసులో వార్నింగులని ఎలా మూసేస్తానో దాన్నీ అలాగే మూసేశాను. అది ఒక్కసారే చెబుతుంది, ఆ పూట మళ్ళీ చెప్పదని తరవాత తెలిసింది.

చిన్న లెక్క చూడండి. నా స్టెప్పర్ మోటారుకి ఒక చుట్టుకి 200 అడుగులు. డ్రైవరు ఒక్కో అడుగునీ పది ముక్కలు చేస్తుంది, అంటే 2000. ఒక చుట్టుకి స్క్రూ 5 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే మిల్లీమీటరుకి 400 పల్సులు. నిమిషానికి 1200 మిల్లీమీటర్ల వేగంతో కదలాలంటే సెకనుకి 8000 పల్సులు, ప్రతి 125 మైక్రోసెకన్లకీ ఒకటి. పల్సు ఆలస్యమైతే మోటారు తాళం తప్పుతుంది. తప్పినట్టు వెనక్కి చెప్పే ఏర్పాటు నా మిల్లులో లేదు. కంప్యూటరు లెక్కలో కటర్ ఉండాల్సిన చోటే ఉంటుంది! పైగా మన అక్షరాలు గుండ్రాలు, రెండు మోటార్లూ దాదాపు ఎప్పుడూ కలిసే నడవాలి.

ఈ ఆలస్యాన్ని కొలవడానికి లైనక్స్‌సీఎన్‌సీతో పాటే ఒక పరీక్ష వస్తుంది. 20 మైక్రోసెకన్ల లోపుంటే భేషు, 100 దాటితే ఆ కంప్యూటరు ఈ పనికి పనికిరానట్టే. నా డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 30 చూపించింది. పక్కన వీడియో పెట్టి, ఫైళ్ళు కాపీ చేశాను. 400 దాటింది.

అప్పుడు అటక మీంచి దించాను 2010 నాటి ఇంటెల్ ఆటమ్ బోర్డు, డి525ఎండబ్ల్యూ. పదిహేడు సెంటీమీటర్ల పలక, 1.8 గిగాహెర్ట్జ్. బయాస్‌లో హైపర్‌థ్రెడింగ్, కరెంటు పొదుపు సెట్టింగులు ఆపేశాను. రెండు కోర్లలో ఒకటి అచ్చంగా మిల్లుకే కేటాయించాను. గంటసేపు నానా హింసా పెట్టినా 11 మైక్రోసెకన్లు దాటలేదు! అల్యూమినియం పొట్టు లోపల పడకుండా మూతున్న పెట్టెలో బిగించాను. ఇంటర్నెట్ ఇవ్వలేదు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ని మాత్రం కంప్యూటరు మీద నమ్మకం పెట్టకుండా నేరుగా మోటార్ల కరెంటుకే కలిపాను.

ఇప్పుడెవరైనా పారలల్ పోర్టు వాడతారా అని అడగచ్చు. నిజమే, వేరే దారులున్నాయి. 2009లో మొదలైన గర్బుల్ అయితే 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో మీద కూడా పల్సులు చక్కగా పంపిస్తుంది. అందులో ఉన్న సూత్రమూ ఇదే. వేళ తప్పకూడని పనిని ఆ పని తప్ప వేరే ధ్యాస లేనివాడికి అప్పజెప్పాలి.

1952లో ఎంఐటీలో మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లు చూపించినప్పుడు దాన్ని నడిపినవి 250 వాక్యూమ్ ట్యూబులు, 175 రిలేలు. లైనక్స్‌సీఎన్‌సీ మూలాలు 1990లలో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ రాసిన ఈఎంసీలో ఉన్నాయి. ప్రజల సొమ్ముతో రాసింది కనుక అందరి సొత్తయింది. 2011లో ఈఎంసీ కార్పొరేషన్ పేరు మీద అభ్యంతరం చెబితే పేరు మారింది. రియల్‌టైమ్ ప్యాచ్ పూర్తిగా అసలు లైనక్స్ కెర్నెల్‌లో కలిసింది మాత్రం 2024లోనే. ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడింది వేగం కోసం కాదు, మాట తప్పని సమయం కోసం.

మన ఉద్యోగాల్లో సగటు చూస్తాం. సగటున సర్వరు ఎంత త్వరగా జవాబిచ్చింది అని. మిల్లుకి సగటుతో పని లేదు. లక్ష పల్సులు వేళకొచ్చి ఒక్కటి ఆలస్యమైతే చాలు, పలక పాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నాకు రియల్‌టైమ్ అంటే వేగం కాదని పరీక్షలో రాయడం తెలుసు. నమ్మడానికి మాత్రం ఒక కటర్ విరగాల్సొచ్చింది. కొత్త మెషీన్ కొంటే సమస్య పోతుందనుకోవడం మన వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే.

రెండో పలక బాగా వచ్చింది. బాబాయికి వీడియో పంపిస్తే అక్షరాల గురించి ఏమీ అనలేదు. "ఇప్పుడు చప్పుడు బాగుందిరా" అన్నాడు.

మీలో ఎవరైనా మిల్లు పెట్టుకుంటే, ఆ మెసేజి వచ్చినప్పుడు మూసెయ్యకండి.