గోడ కింద గొంతు

పోయిన శ్రీపంచమికి మా అక్క కూతురికి బాసరలో అక్షరాభ్యాసం. హైదరాబాద్ నుంచి దాదాపు రెండొందల కిలోమీటర్లు. రష్షు ఎక్కువ ఉంటుందని రాత్రి రెండింటికే బయల్దేరాం. నేను నడుపుతున్నా, పక్క సీట్లో మా హాస్టల్ ఫ్రెండు, వెనక అక్కా, దాని కూతురూ. నేనూ ఈ ఫ్రెండూ బాసర ట్రిపుల్ ఐటీలోనే ఆరేళ్ళు చదివాం. ఒకే హెడ్‌ఫోన్స్ చెరో చెవికీ పెట్టుకుని పవర్ మెటల్ విన్న బ్యాచి మాది.

పవర్ మెటల్ అంటే ఏంటని అడిగేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. పరిగెత్తే గిటార్లు, ఆగకుండా మోగే డ్రమ్ములు, వాటి మీద గొంతు చించుకుని పాడే గాయకుడు. కథలేమో యుద్ధాలూ, పురాణాలూ. మన పద్యనాటకానికి కరెంటు కనెక్షన్ ఇచ్చినట్టుంటుంది :)

మేడ్చల్ దాటగానే మావాడు బ్లైండ్ గార్డియన్ వాళ్ళ 'ఎ నైట్ ఎట్ ది ఓపెరా' పెట్టాడు. 2002 నాటి ఆల్బమ్. అందులో చివరి పాట పద్నాలుగు నిమిషాలు, ట్రోయ్ యుద్ధం కథ. "ప్రొడక్షన్ అంటే ఇదిరా" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. ఈ గొడవ మా మధ్య ఫస్టియర్ నుంచీ ఉంది. పాటలు గొప్పవే, నేను కాదనను. కానీ ఆ మిక్సింగ్ ఘోరం. హాన్సీ కుర్ష్ గొంతు మీద హాన్సీ గొంతే పది పొరలు, దాని మీద కోరస్, దాని మీద గిటార్లు, దాని మీద కీబోర్డు. అంతా కలిసి ఒక గోడ. ఆ గోడ కింద అసలు గొంతు సమాధి. ఇదే బ్యాండ్ 1995లో 'ఇమాజినేషన్స్ ఫ్రమ్ ది అదర్ సైడ్' చేసింది. ప్రొడ్యూసర్ ఫ్లెమింగ్ రాస్ముసెన్, మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'కి పనిచేసినాయన. అందులోనూ కోరస్‌లున్నాయి, గిటార్లున్నాయి. అయినా పాడేవాడు ఎదురుగా నిలబడి పాడినట్టుంటుంది.

మావాడి వాదన ఏంటంటే, మెటల్‌లో గొంతు కూడా ఒక వాయిద్యమే, మాటలు ఎవడు వింటాడు అని. ఇంతలో వెనక సీట్లోంచి అక్క, "ఏమంటుండురా వాడు? ఒక్క ముక్క సమజైతలేదు. తెలుగు పాట పెట్టుండ్రి" అంది. సరే అని ఈ మధ్య బాగా హిట్టయిన ఒక తెలుగు పాట పెట్టాం. పేరు చెప్పను, ఆ ఒక్క పాట తప్పు కాదు కాబట్టి. మా కోడలు నిద్ర లేచి మొత్తం పాట పాడేసింది. నాలుగేళ్ళ పిల్ల, ట్యూను పక్కాగా పట్టింది. కానీ మాటలు? అచ్చులన్నీ కరెక్టు, హల్లులన్నీ దాని సొంతం. నవ్వి "అది కాదమ్మా, అసలు లైను..." అని మొదలుపెట్టాను. ఆగిపోయాను. నాకూ రాదు. మావాడికీ రాదు. అక్కకీ రాదు. ముగ్గురం కనీసం యాభైసార్లు విన్న పాట! మళ్ళీ పెట్టి, చెవులు రిక్కించి విన్నాం. రెండో లైను ఇప్పటికీ నాకు తెలీదు.

అక్కడితో నా కోపం జర్మనీ వదిలేసి ఫిల్మ్‌నగర్ మీదకి మళ్ళింది.

ఇది గాయకుల తప్పు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వేరే భాష వాళ్ళతో పాడిస్తున్నారు, ఉచ్చారణ రాదు అని. కొంత నిజమే. కానీ ఘనాపాఠీని తెచ్చి పాడించినా ఈ మిక్సింగ్‌లో మిగిలేది అంతే. ఎందుకో కొంచెం సాంకేతికంగా చెప్తా, మనందరం ఇంజినీర్లమే కదా.

మాటకి అర్థం ఇచ్చేవి హల్లులు. త కి ద కి, ప కి బ కి తేడా అంతా సెకనులో చిన్న ముక్కలో అయిపోతుంది. స, శ, చ లాంటి వాటి స్పష్టత సుమారు రెండు వేల హెర్ట్జ్ నుంచి పైన ఉంటుంది. సరిగ్గా అక్కడే డిస్టార్షన్ గిటార్లు, సింథ్‌లు, తాళాలు వచ్చి కూర్చుంటాయి. పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. దీని మీద లిమిటర్ పెట్టి అంతా ఒకే ఎత్తుకి నొక్కేస్తే, మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన ఖాళీ కూడా పోతుంది. అచ్చులు మాత్రం బతికిపోతాయి, అవి పొడుగు, బలం ఎక్కువ. మనదేమో అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అందుకే ఎంత పాడు మిక్సింగ్‌లో అయినా తెలుగు పాట తియ్యగానే వినిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. తీపి మిగిలింది, మాట పోయింది, పోయిందని కూడా మనకి తెలీలేదు. మా కోడలు పాడింది అచ్చంగా ఆ మిక్సింగ్‌లో వినబడినదే. అది తప్పు పాడలేదు.

మావాడు ఊరుకుంటాడా? "పక్క పాటకన్నా మెల్లగా ఉంటే జనం స్కిప్ చేస్తార్రా" అన్నాడు. పదిహేనేళ్ళ కింద అయితే ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు స్పాటిఫై మామూలు సెట్టింగులో ప్రతి పాటనీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ లెవెల్‌కి తెస్తుంది. యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. అంటే మీరు పీక నులిమి గట్టిగా చేసిన పాటని వాళ్ళు వాల్యూమ్ తగ్గించి వదుల్తారు. గట్టిదనం పోతుంది, నులుముడు మాత్రం ఉండిపోతుంది. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' విషయంలో వేలమంది ఫ్యాన్స్ పిటిషన్ పెట్టింది దీనికే. అదే ఆల్బమ్ గిటార్ హీరో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చింది, జనం సీడీ పక్కన పెట్టి గేమ్‌లోంచి పాటలు తీసుకుని విన్నారు. డబ్బులిచ్చి కొన్న సీడీకన్నా వీడియో గేమ్ నయం అనిపించుకోవడం కన్నా సిగ్గు ఏముంటుంది?

పాతవన్నీ బంగారం అని నేను అనట్లేదు. ఘంటసాల కాలం రికార్డుల్లో బాస్ ఉండదు, గరగర ఉంటుంది. హెలోవీన్ వాళ్ళు 1987లో 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్' మొదటి భాగం చేసినప్పుడు మైకేల్ కిస్కేకి ఇరవై ఏళ్ళు నిండలేదు, డ్రమ్ముల సౌండు ఇప్పటి లెక్కలో పల్చన. అయినా ఆ కుర్రాడి గొంతులో ఒక్క అక్షరం పోదు. ఎవరిది పాటో ఆ మిక్సింగ్ చేసినవాళ్ళకి తెలుసు కాబట్టి.

ఇంకోటి. 1986లో 'సిరివెన్నెల' సినిమా వచ్చింది. సంగీతం కె.వి.మహాదేవన్, సాహిత్యం ముందు పెట్టుకుని ట్యూను కట్టే మనిషి. ఆ పాటలు రాసిన సీతారామశాస్త్రి గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. 2021లో ఆయన పోయినప్పుడు మా ఆఫీసులో కోడ్ తప్ప ఇంకేం మాట్లాడనివాళ్ళు కూడా ఆయన లైన్లు చెప్పుకున్నారు. మాట వినబడింది కాబట్టే ఆ పేరు నిలబడింది. ఇవాళ అంత గొప్పగా రాసే కుర్రాడు ఒకడు ఉన్నాడనుకోండి. వాడి పాట కోట్లమంది వింటారు, వాడి మాట ఎవరికీ చేరదు. వాడికి ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నవీపేట దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి తెల్లారింది. వాదన తెగలేదు, పాటలు ఆపేశాం. గుళ్ళో వందలమంది పిల్లలు, వాళ్ళ ఏడుపులు, తల్లుల అరుపులు. పంతులు గారి చేతిలో మామూలు మైకు, స్తంభానికి తుప్పుపట్టిన స్పీకరు. ఆయన ఒక్కో అక్షరం పలుకుతుంటే అంత గోలలోనూ ప్రతిదీ వినబడింది. మా కోడలు పలక మీద బలపం పెట్టి ఆయన అన్నది అన్నట్టే అంది. ఒక్క హల్లు పోలేదు. ఆయన మైకులో ఆయన ఒక్కడే ఉన్నాడు, అదే తేడా.

మావాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. వాడు ఒప్పుకోవడం అంటే అంతే :)

మిక్సింగ్ చేసే అన్నలకి నా మనవి ఒక్కటే. ఫైనల్ చేసే ముందు పాట ఎప్పుడూ వినని మనిషికి ఒక కాగితం ఇచ్చి, ఫోన్ స్పీకర్‌లో రెండుసార్లు వినిపించి పల్లవి రాయమనండి. రాయలేకపోతే గిటార్లు తగ్గించండి, గొంతు పైకి తీయండి. మనం సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేయకుండా రిలీజ్ చేస్తే ఊరుకుంటారా?

మీరు కూడా ఇవాళ మీ ఫేవరెట్ కొత్త పాట ఒకటి తీసుకుని పల్లవి కాగితం మీద రాసి చూడండి. లిరిక్ వీడియో చూడకూడదు. ఎన్ని లైన్లు వచ్చాయో నిజం చెప్పండి.